అమెరికాలో పిల్లాడి స్టేటస్ పోయిందంటే ఇంటి దగ్గరున్నవాళ్లు చేయాల్సిన పని

స్టేటస్ అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే అర్హత. అది పోయిందని పిల్లాడు ఫోన్ చేస్తే, ముందు ఒక మాట. ఫోన్ పెట్టేయగానే ఎవరికీ పైసలు పంపకండి. "రేపటికల్లా డాలర్లు కడితే మీవాడికి అసైలం (శరణార్థిగా ఆశ్రయం) వేసి వర్క్ పర్మిట్ ఇప్పిస్తా" అనే మనిషి మీ సొంత బావమరిది అయినా సరే, రెండు రోజులు ఆగమనండి. ఆ రెండు రోజుల్లో మీరు చేయాల్సిన పని చాలా ఉంది. దానికి రూపాయి ఖర్చు కాదు.

నేను టెక్సాస్‌లో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర పారాలీగల్‌గా పనిచేశాను. ఫైళ్లు సర్దడం, ఫారాలు నింపడం, కోర్టు తేదీలు చూసుకోవడం నా పని. ఇప్పుడు హన్మకొండ నయీంనగర్‌లో ఉంటున్నాను. నేను లాయర్‌ను కాదు, కేసు గెలిపిస్తానని ఎవరికీ చెప్పను. అక్కడి నుంచి వచ్చిన కాగితం ఏ ఆఫీసుది, దాని మీద ఏ తేదీ చూడాలి అన్నది మాత్రం చెప్పగలను. ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, "అక్కా, మావోడు మొన్నటి నుంచి ఫోన్ ఎత్తుతలేడు" అంటూ పరకాల, హుజూరాబాద్ నుంచి కూడా వస్తున్నారు. అందరికీ చెప్పేది దాదాపు ఒకటే కాబట్టి రాసిపెడుతున్నాను. 2025 నుంచి అక్కడి రూల్స్ తరచూ మారుతున్నాయి. కాబట్టి ఫీజులు, గడువులు చివరిసారి ఆయా ఆఫీసుల వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఫైలు ఏ ఆఫీసులో ఉంది?

"గవర్నమెంటోళ్లు లెటర్ పంపిండ్రు" అంటారు. ఏ గవర్నమెంటోళ్లు? అక్కడ మన పిల్లల ఫైలు ముఖ్యంగా మూడు చోట్ల తిరుగుతుంది. మన దగ్గర తహసీల్దార్ ఆఫీసు, పోలీస్ స్టేషన్, కోర్టు వేర్వేరుగా ఉన్నట్టే ఇవీ.

మొదటిది యూఎస్‌సీఐఎస్. దరఖాస్తులు తీసుకుని, మంజూరు చేసేదో తిరస్కరించేదో ఇదే. దీని నుంచి వచ్చే రసీదులు, నోటీసుల మీద ఐ-797 అని ఉంటుంది. రెండోది ఐస్. పట్టుకోవడం, డిటెన్షన్‌లో పెట్టడం, విమానం ఎక్కించడం దాని పని. ఈ రెండూ హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంటాయి. మూడోది ఇమ్మిగ్రేషన్ కోర్టు. అది న్యాయ శాఖ కింద నడుస్తుంది. అక్కడి జడ్జి కూడా ఆ శాఖ ఉద్యోగే, మన జిల్లా జడ్జిలాంటి స్వతంత్ర న్యాయమూర్తి కాదు. ఇవి కాక వీసా స్టాంపు వేసే కాన్సులేట్ విదేశాంగ శాఖది. హైదరాబాద్ కాన్సులేట్ స్టాంపు వేసింది కాబట్టి అక్కడే అడిగితే పని అవుతుందని కొందరు బస్సెక్కి వెళ్తారు. దేశం లోపల ఉన్నవాడి స్టేటస్ గురించి వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

కాబట్టి పిల్లాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏమైంది?" కాదు. ఆ ప్రశ్నకు ఏడుపే జవాబుగా వస్తుంది. "నీకు చివరగా వచ్చిన కాగితం మీద పైన ఏ ఆఫీసు పేరుంది, కింద ఏ తేదీ ఉంది?" అని అడగండి. ఫొటో పంపమనండి.

ఈ రాత్రే వాట్సాప్‌లో తెప్పించుకోవాల్సినవి

పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు. వీసా పేజీ. ఐ-94. కాలేజీ ఇచ్చిన ఐ-20లు పాతవీ కొత్తవీ అన్నీ. ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు పనిచేసే అనుమతి) కార్డు ఉంటే రెండు వైపులా. యూఎస్‌సీఐఎస్ నుంచి వచ్చిన ప్రతి కాగితం. కోర్టు నోటీసు ఏదైనా ఉంటే అన్ని పేజీలూ, ఖాళీగా ఉన్న వెనక పేజీతో సహా. పోలీసు కేసు ఏదైనా ఉంటే, అది చిన్న షాప్‌లిఫ్టింగ్ అయినా, తాగి బండి నడిపింది అయినా, ఆ కోర్టు కాగితాలు కూడా. ఈ చివరిది పిల్లలు తల్లిదండ్రుల దగ్గర దాస్తారు. లాయరు దగ్గర దాస్తే మాత్రం కేసు అక్కడే మునుగుతుంది. అందుకే నేను పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని, పిల్లాడితో విడిగా మాట్లాడతాను.

ఐ-94 గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. పాస్‌పోర్టులో అంటించిన వీసా లోపలికి వెళ్లడానికే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. అది కాగితంగా చేతికివ్వరు, సీబీపీ (అక్కడి సరిహద్దు, కస్టమ్స్ విభాగం) వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. వీసా తేదీ అయిపోయినా ఐ-94 నడుస్తుంటే తప్పేమీ లేదు. విజిటర్‌కైతే దాని మీద ఫలానా తేదీ అని ఉంటుంది. స్టూడెంట్‌కు తేదీ బదులు డి/ఎస్ అని రెండక్షరాలు ఉంటాయి. చదువు రూల్స్ ప్రకారం సాగినంత కాలం ఉండొచ్చని దాని భావం. దీన్ని తీసేసి స్టూడెంట్లకు కూడా కచ్చితమైన తేదీ పెట్టాలని 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. కాబట్టి మీవాడి ఐ-94లో ఏముందో ఊహించకండి, తెరిచి చూడండి.

ఇప్పుడు అసలు తేడా. స్టేటస్ పోవడం వేరు, అక్రమంగా ఉన్న రోజులు లెక్క పడటం వేరు. కాలేజీకి పోకపోతే, ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటితే, స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో (సైన్స్, టెక్నాలజీ చదువులకు ఓపీటీ పొడిగింపు) ఉన్నవాళ్లకు మొత్తం 150 రోజులు దాటితే, అనుమతి లేకుండా గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తే స్టేటస్ పోతుంది. డి/ఎస్ మీద వెళ్లినవాడికి ఆ రోజు నుంచే అక్రమ రోజులు లెక్క మొదలుకావు. ఏదైనా దరఖాస్తు చూస్తూ యూఎస్‌సీఐఎస్ "నువ్వు స్టేటస్ తప్పావు" అని రాతపూర్వకంగా తేల్చిన తర్వాత, లేదా జడ్జి ఆదేశించిన తర్వాత మొదలవుతుంది. ఐ-94 మీద తేదీ ఉన్నవాడికి మాత్రం ఆ తేదీ దాటిన మర్నాటి నుంచే లెక్క.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, 180 రోజులు దాటాక దేశం వదిలితే 3 ఏళ్లు, ఏడాది నిండాక వదిలితే 10 ఏళ్లు మళ్లీ రానివ్వరు. ఏజెంట్లు ఈ పదేళ్ల బూచిని చూపించే అసైలం అమ్ముతారు. "ఇప్పుడు ఇండియా పోతే పదేళ్లు బ్యాన్, అందుకే ఇక్కడే ఉండి అసైలం వేసుకో" అంటారు. చాలామంది స్టూడెంట్ల విషయంలో ఆ బ్యాన్ ఇంకా పుట్టనే లేదు. మర్యాదగా విమానమెక్కి వచ్చేసి, కొత్త ఐ-20 తెచ్చుకుని, మళ్లీ వీసాకు వెళ్లే దారి వాళ్లకు తెరిచే ఉంటుంది. వీసా ఇస్తారా లేదా అన్నది ఆఫీసరు ఇష్టం. అయినా దారి ఉంది. స్టేటస్ పోయి 5 నెలలు దాటకపోతే, తన చేతిలో లేని కారణంతో పోయి ఉంటే, అనుమతి లేని పని చేసి ఉండకపోతే, కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు ద్వారా తిరిగి స్టేటస్ అడిగే దరఖాస్తు కూడా ఉంది. హెచ్-1బీ ఉద్యోగం పోయినవాళ్లకు సాధారణంగా 60 రోజుల వరకు టైమ్ ఉంటుంది. ఈ మూడు దారులూ మూసుకుపోయాయని లాయరు తేల్చాకే వేరే మాట.

పేరు, ఏ-నంబరు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పిల్లాడిని ఎక్కడ పెట్టారో తెలియని రాత్రి తెలుస్తుంది దీని విలువ.

ఇమ్మిగ్రేషన్ ఫైలుకు ఏ-నంబరు అని ఒకటి ఉంటుంది. ఏ అక్షరం తర్వాత 9 అంకెలు. ఓపీటీ కార్డు ఉన్నవాడికైతే దాని మీద యూఎస్‌సీఐఎస్ నంబర్ అని రాసి ఉన్నది అదే. కోర్టు నోటీసు మీద పైన కుడివైపు ఉంటుంది. దాన్ని ఇంట్లో గోడ క్యాలెండర్ మీదైనా రాసిపెట్టుకోండి. ఐస్ వెబ్‌సైట్‌లో డిటెన్షన్‌లో ఉన్నవాళ్లను వెతికే పేజీ ఉంది. ఏ-నంబరు, పుట్టిన దేశం కొడితే ఏ సెంటర్‌లో ఉన్నాడో చూపిస్తుంది. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి. అది అక్షరం పొల్లుపోకుండా వాళ్ల రికార్డులో ఉన్నట్టే ఉండాలి.

మన పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, కొందరికి మొత్తం పేరంతా గివెన్ నేమ్ గడిలో. సింగిల్ పేరుతో పాస్‌పోర్టు ఉన్నవాళ్లకైతే వీసా మీద గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, ఫస్ట్ నేమ్ తెలియదు అని. ఒకసారి ఒక తండ్రి నా ఎదురుగా కూర్చుని కొడుకు పేరు ఇంట్లో పిలిచినట్టు, కాలేజీలో ఉన్నట్టు, ఆధార్‌లో ఉన్నట్టు కొట్టిచ్చారు. ఏదీ దొరకలేదు. వీసా పేజీ తెప్పించి, ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని, లాస్ట్ నేమ్ దగ్గర పేరు మొత్తం ఖాళీలతో సహా కొడితే దొరికాడు. ఆ పెద్దమనిషి "ఎఫ్ఎన్‌యూ అంటే మావోడేనా?" అని ఇంకోసారి అడిగి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. పట్టుకున్న రోజే పేరు ఎక్కకపోవచ్చు, సెంటర్ మారుస్తున్నప్పుడు కనిపించకుండా పోవచ్చు. పొద్దున, రాత్రి రెండుసార్లు చూస్తుండండి.

అసైలం: ఎవరికి, ఎవరికి కాదు

1951 శరణార్థుల ఒప్పందం, 1967 ప్రోటోకాల్ అని రెండున్నాయి. మన దేశం వాటి మీద సంతకం చేయలేదు. అమెరికా 1968లో ప్రోటోకాల్‌లో చేరి, 1980లో రెఫ్యూజీ చట్టం తెచ్చుకుంది. దాని ప్రకారం ఆశ్రయం అడగడానికి కారణాలు అయిదే: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం. వీటిలో ఏదో ఒకదాని వల్ల సొంత దేశంలో తనకు హాని జరిగిందనో, జరుగుతుందన్న భయం ఉందనో చూపించాలి. ఆ హాని ప్రభుత్వమే చేసి ఉండాలి, లేదా ప్రభుత్వం ఆపలేని, ఆపని మనుషులు చేసి ఉండాలి.

ఎడ్యుకేషన్ లోన్ 40 లక్షలుంది అన్నది ఇందులో లేదు. ఊళ్లో పరువు పోతుంది అన్నది లేదు. ఉద్యోగాలు లేవు అన్నది లేదు. ఇవి నిజమైన కష్టాలే, ఎవరూ కాదనరు. అసైలం ఆఫీసరు మాత్రం ఆ అయిదు కారణాల గడుల్లో ఏది నిండిందో చూస్తాడు. ఏదీ నిండకపోతే లేస్తాడు.

అందరిదీ అబద్ధమని నేను అనను. కులాంతర వివాహం చేసుకున్నందుకు అమ్మాయి తరపువాళ్లు నరకడానికి తిరుగుతున్న జంటలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. మతం మారినందుకు ఊరు వదిలినవాళ్లున్నారు. ఇంట్లో చెప్పుకోలేని కారణంతో, చెప్తే ప్రాణం మీదికి వచ్చే కారణంతో వెళ్లిన పిల్లలున్నారు. అలాంటివాళ్లు ఆలస్యం చేయకుండా మంచి లాయర్‌ని పట్టుకుని వేయాలి. ఎందుకంటే దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాదిలోగా ఐ-589 అనే అసైలం దరఖాస్తు ఫారం వేయాలి. స్టూడెంట్ స్టేటస్‌లోనే ఉండి ఏడాది దాటినవాళ్లకు, పరిస్థితులు కొత్తగా మారినవాళ్లకు మినహాయింపులున్నాయి. కానీ స్టేటస్ పోయాక ఏళ్ల తరబడి కూర్చుని వేస్తే ఆ మినహాయింపు నిలవడం కష్టం. నిజమైన కేసుల్లో కూడా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మీ ఊళ్లో భయమైతే హైదరాబాద్ పోవచ్చుగా, బెంగళూరు పోవచ్చుగా?" మన దేశం పెద్దది కావడమే ఇక్కడ మన కేసుకు అడ్డు. అక్కడికీ వెతుక్కుంటూ వస్తారని చూపించగలగాలి.

ఇక ఏజెంట్ అమ్మే అసైలం ఎలా ఉంటుందో చెప్తాను. ఎవరో రాసిపెట్టిన కథ ఉంటుంది. ఫలానా పార్టీవాళ్లు కొట్టారు, పోలీసులు కంప్లైంట్ తీసుకోలేదు. ఊరి పేరు, తేదీ మారుస్తారు, మిగతాది అదే. మా ఆఫీసుకు రెండో అభిప్రాయం కోసం వచ్చిన కొన్ని ఫైళ్లలో వేర్వేరు అబ్బాయిలకు ఎడమ చేయే విరిగింది, వేర్వేరు ఊళ్లలో, ఒకే వాక్యంలో. ఇలాంటివి రోజూ చదివే ఆఫీసర్లకు ఆ సంగతి తెలియదనుకోవడం మన అమాయకత్వం.

"కేసు ఏళ్లు పడుతది, అప్పటిదాకా వర్క్ పర్మిట్ ఉంటది కదా" అన్నది వాళ్ల అసలు సరుకు. దీంట్లో సగం నిజం ఉంది కాబట్టే అమ్ముడుపోతుంది. ఏళ్లుగా ఉన్న రూలు ప్రకారం దరఖాస్తు పెట్టిన 150 రోజులకు పర్మిట్ అడగొచ్చు, 180 రోజులు నిండితే ఇస్తారు. దరఖాస్తుదారు వాయిదా అడిగితే ఆ గడియారం ఆగిపోతుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో 30 లక్షలకు పైగా కేసులు పేరుకుపోయిన మాటా నిజమే. మిగతా సగం చెప్పరు. వాళ్లు చెప్పనివి మూడున్నాయి.

మొదటిది. స్టేటస్ ఉన్నవాడు అసైలం వేసి ఓడితే దరఖాస్తు తిరస్కరించి వదిలేస్తారు. స్టేటస్ లేనివాడు వేసి ఆఫీసరు ఒప్పుకోకపోతే, అదే ఫైలు నేరుగా ఇమ్మిగ్రేషన్ కోర్టుకు పోతుంది, డిపోర్టేషన్ కేసుగా. అంటే ఏ ఆఫీసు కంటా పడకుండా ఉన్నవాడు తన అడ్రస్, వేలిముద్రలు, తప్పు ఒప్పుకోలుతో సహా తానే వెళ్లి ఇచ్చినట్టు.

రెండోది. కావాలని అబద్ధం రాసినట్టు తేలితే, జీవితాంతం ఏ ఇమ్మిగ్రేషన్ మేలూ ఉండదు. రేపు అమెరికన్ సిటిజన్‌ను పెళ్లి చేసుకున్నా అది అడ్డుపడుతుంది. ఈ హెచ్చరిక ఐ-589 ఫారం మీదే అచ్చయి ఉంటుంది, సంతకం పెట్టే చోటు దగ్గరే. ఏజెంటు సంతకం పేజీ ఒక్కటే పంపి "ఇక్కడ పెట్టు తమ్మీ" అంటాడు.

మూడోది ఇంటివాళ్లకు తగిలేది. కేసు నడుస్తుండగా ఇండియాకు రావడానికి లేదు. ప్రాణభయం ఉందన్న దేశానికే వెళ్లొస్తే కేసు వదులుకున్నట్టు లెక్క. చెల్లి పెళ్లికి రాలేడు. తండ్రికి గుండెపోటు వచ్చినా రాలేడు. మేడారం జాతరలో మొక్కు తీరుస్తానని తల్లి మొక్కుకుంటుంది, వాడికి రావడానికే వీలుండదు.

ఫీజుల సంగతి కూడా మారింది. ఒకప్పుడు ఈ ఫారం ఉచితం. 2025 జూలైలో వచ్చిన చట్టంతో దరఖాస్తుకు 100 డాలర్లు, కేసు తేలేదాకా ఏటా ఇంకో 100, మొదటి వర్క్ పర్మిట్‌కు 550 డాలర్లు పెట్టారు. ఏటా కట్టేది మరిచిపోతే దరఖాస్తే పోతుంది. ఆపైన 2025 నవంబరు చివర్లో యూఎస్‌సీఐఎస్ అసైలం నిర్ణయాలన్నీ నిలిపేసింది. ఈ ఫీజులు ఎంతన్నది ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఏజెంటు అడిగే వేల డాలర్లలో ప్రభుత్వానికి పోయేదెంత, వాడి జేబులోకి పోయేదెంత అని మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడి నుంచి పంపమని అడిగే కాగితాలు

కేసు వేశాక ఇంటికి ఫోన్ వస్తుంది, "ఒక అఫిడవిట్ కావాలి, ఒక ఎఫ్ఐఆర్ కావాలి" అని. నిజంగా జరిగినదానికైతే తప్పకుండా సంపాదించి పంపండి. ఆస్పత్రి కేస్ షీటు, పాత ఫొటోలు, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు రసీదు, చూసినవాళ్ల అఫిడవిట్లు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువదించినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం" అని రాసి సంతకం పెట్టాలి. నోటరీ స్టాంపు ఒక్కటే వేసి పంపితే సరిపోదు. అదాలత్ సెంటర్‌లో స్టాంపు వేయించుకుని సంబరంగా వచ్చేవాళ్లను చాలామందిని వెనక్కి పంపాను.

జరగనిదానికి మాత్రం కాగితం పుట్టించకండి. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక, సున్నితమైన కేసులు తప్ప ఎఫ్ఐఆర్‌లన్నీ పోలీసు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. హన్మకొండలో పుట్టించిన ఎఫ్ఐఆర్ నంబరు నిజమో కాదో అక్కడ కూర్చున్న ఆఫీసరు తేలిగ్గా తెలుసుకోగలడు. నకిలీ కాగితం మీద సంతకం పెట్టిన మామయ్య మీద ఇక్కడ కూడా కేసు అవుతుంది.

ఇంటర్వ్యూకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. యూఎస్‌సీఐఎస్ ఇవ్వదు. కోర్టులో మాత్రం ప్రభుత్వమే ఏర్పాటు చేస్తుంది. ఇంగ్లీష్ వచ్చు కదా అని భేషజానికి పోకుండా తెలుగులో చెప్పమనండి. కొట్టినప్పుడు ఏం జరిగిందో ఇంగ్లీషులో నీళ్లు నమిలితే అబద్ధంలా వినిపిస్తుంది.

నోటీస్ టు అప్పియర్ వస్తే

ఇది కోర్టుకు హాజరు కమ్మనే నోటీసు, ఫారం నంబరు ఐ-862. ఇది వచ్చిందంటే ఫైలు కోర్టుకు చేరిందని. దీంట్లో మూడు చోట్ల చూడండి. ఒకటి, మీవాడి మీద ఏం మోపారో రాసిన పేరాలు. వీసాతో వెళ్లినవాడికైతే అక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టం సెక్షన్ 237 అని, సరిహద్దు దూకి వెళ్లినవాడికైతే 212 అని ఉంటుంది. తప్పు సెక్షన్ పడితే లాయరుకు అక్కడే పట్టు దొరుకుతుంది. రెండు, కోర్టు అడ్రస్, తేదీ, టైమ్. మూడు, మీవాడి అడ్రస్ సరిగ్గా రాశారా అని.

ఆ మూడోదాని దగ్గరే ఎక్కువ మంది పడిపోతారు. మన పిల్లలు ఒక్క అపార్ట్‌మెంట్‌లో అయిదుగురు ఉంటారు, ఏడాదికి రెండుసార్లు మారతారు. ఉత్తరం పాత అడ్రస్‌కు పోతుంది, రూమ్మేట్ దాన్ని పిజ్జా కరపత్రాలతో పాటు పడేస్తాడు. ఇల్లు మారితే యూఎస్‌సీఐఎస్‌కు 10 రోజుల్లో, కోర్టుకు విడిగా 5 రోజుల్లో చెప్పాలి. ఒకచోట చెప్తే ఇంకోచోటికి దానంతటదే పోదు. కోర్టు తేదీకి హాజరు కాకపోతే మనిషి లేకుండానే డిపోర్టేషన్ ఆర్డర్ వేస్తారు. తర్వాత తిరగదోడాలంటే, నోటీసు అందలేదనో, ఆస్పత్రిలో ఉన్నాడనో నిరూపించాలి.

కోర్టు సైట్‌లో ఏ-నంబరు కొడితే తర్వాతి తేదీ చూపిస్తుంది. ఇది ఇక్కడి నుంచి కూడా చూడొచ్చు. తేదీ మారుస్తుంటారు కాబట్టి వారానికి ఒకసారి చూడటం ఇంట్లో ఎవరో ఒకరి పనిగా పెట్టుకోండి. డాలస్‌లో పొద్దున 9 గంటల హియరింగ్ అంటే మనకు వాళ్ల వేసవిలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. ఆ టైమ్‌లో వాడికి ఫోన్లు కొట్టకండి.

లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది, ప్రభుత్వం ఖర్చుతో మాత్రం కాదు. పెట్టుకునే ముందు ఆ మనిషి పేరు ఏ రాష్ట్రం బార్‌లో (లాయర్లను నమోదు చేసే సంస్థ) ఉందో అడిగి, ఆ బార్ వెబ్‌సైట్‌లో చూడండి. ఏ రాష్ట్రం లైసెన్స్ అయినా ఇమ్మిగ్రేషన్ కేసుకు పనికొస్తుంది. "మా కన్సల్టెన్సీకి లాయర్లు టై అప్ ఉన్నరు" అంటే ఆ లాయరు సంతకంతో ఫీజు ఒప్పందం చూపించమనండి. ఫారం ఎవరు నింపితే వాళ్ల పేరు, సంతకం ఫారంలో ఉండాలి. నింపి ఇచ్చి పేరు రాయనివాడు రేపు మీ వెనక నిలబడడు.

2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లే తెరిచిన దొంగ యూనివర్సిటీ అది. క్లాసుల్లేకుండా స్టేటస్ ఉంటుందని చేరిన పిల్లలు మొదటి విడతలో 130 మంది దాకా దొరికితే, అందులో ఒక్కరు తప్ప అందరూ మనదేశం వాళ్లే. పిల్లలను చేర్పించి కమీషన్ తీసుకున్న 8 మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. చేర్పించినవాడిని నమ్మాం అన్న మాట పిల్లలకు అక్కరకు రాలేదు.

పట్టుకుపోయారని తెలిస్తే

ఐస్ వెబ్‌సైట్‌లోని ఆ పేజీలో (లొకేటర్) వెతకడం పైన చెప్పాను. డిటెన్షన్ సెంటర్ దొరికాక, మనం లోపలికి ఫోన్ చేయలేం, వాడే చేయాలి. కాబట్టి తెలియని అమెరికా నంబర్ వస్తే ఏ అర్ధరాత్రయినా ఎత్తండి. వాడికి చెప్పాల్సిన మాట ఒకటుంది: లాయరు చూడకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. వెళ్లిపోవడానికి ఒప్పుకుంటున్నా అనే కాగితం కూడా వాటిలో ఉండొచ్చు. అబద్ధం చెప్పొద్దు, మౌనంగా ఉండే హక్కు ఉంది.

వీసాతో వెళ్లి స్టేటస్ తప్పినవాడికి, పెద్ద క్రిమినల్ కేసు లేకపోతే, బాండ్ (బెయిల్ లాంటి పూచీ సొమ్ము) అడిగే అవకాశం ఉంటుంది. చట్టం ప్రకారం అది 1,500 డాలర్లకు తక్కువ ఉండదు, చాలాసార్లు బాగా ఎక్కువ ఉంటుంది. అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నవాళ్లే కట్టాలి. సరిహద్దు దూకి వెళ్లినవాళ్లకు బాండ్ లేదని 2025 సెప్టెంబరులో ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు తేల్చింది. దాని మీద ఫెడరల్ కోర్టులకు వెళ్లినవాళ్లున్నారు, అది లాయరు చూసుకోవాల్సిన పని.

మన కాన్సులేట్‌కు తెలియాలంటే పట్టుబడ్డవాడే "మా కాన్సులేట్‌కు చెప్పండి" అని అడగాలి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అది వాడి హక్కు. దానంతటదే చెప్పరు. టెక్సాస్ అయితే హ్యూస్టన్ కాన్సులేట్, న్యూజెర్సీ అయితే న్యూయార్క్, ఇల్లినాయ్, మిషిగన్ అయితే షికాగో. మీరు ఇక్కడి నుంచి మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఎమ్మెల్యే దగ్గరికి పోయి లెటర్ తెచ్చుకోవడం కంటే ముందు ఇది చేయండి. ఒక్క జాగ్రత్త. నిజంగానే ప్రభుత్వం వల్ల భయమని అసైలం వేసినవాడి విషయంలో లాయర్ని అడగకుండా కాన్సులేట్‌కు ఏమీ రాయకండి.

తిరిగి వచ్చేటప్పుడు

చాలా ఇళ్లలో ఇది చివరి మాటగా కూడా ఎత్తరు. నా దగ్గరికి వచ్చేవాళ్లతో నేను మొదట్లోనే ఎత్తుతాను. ఎలా వస్తున్నాడన్నదాన్ని బట్టి మళ్లీ వెళ్లగలడా లేదా తేలుతుంది కాబట్టి.

కోర్టు కేసు లేనివాడు సొంత టికెట్ కొనుక్కుని వచ్చేస్తే అది డిపోర్టేషన్ కాదు. కేసు ఉన్నవాడు జడ్జిని వాలంటరీ డిపార్చర్ (తానే దేశం వదిలి వెళ్లే అనుమతి) అడగొచ్చు. కేసు మొదట్లో అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అయితే 60 రోజుల దాకా గడువిస్తారు, చివర్లో షరతులు కూడా ఎక్కువ. ఆ గడువులోగా కదిలితే డిపోర్టేషన్ ఆర్డర్ పేరు మీద ఉండదు. కదలకపోతే జరిమానా, పదేళ్ల పాటు ఇంకే మేలూ అడగలేని స్థితి. ఆర్డర్ పడి వస్తే మామూలుగా 10 ఏళ్ల నిషేధం. 2025 ఫిబ్రవరి 5న మిలిటరీ విమానంలో సంకెళ్లు వేసి తెచ్చి అమృత్‌సర్‌లో దించిన 104 మందిని టీవీలో చూసి, "మావాడూ అట్లనే వస్తడా?" అని అడిగినవాళ్లున్నారు. సొంతంగా వచ్చేవాడు శంషాబాద్‌లో మామూలు ప్రయాణికుడిలాగే దిగుతాడు, బెల్టు దగ్గర సూట్‌కేసు తీసుకుని బయటికొస్తాడు.

సీబీపీ హోమ్ యాప్‌లో నమోదు చేసుకుని వెళ్లిపోతే టికెట్, కొంత డబ్బు ఇస్తామని 2025 మేలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది, అప్పట్లో అది 1,000 డాలర్లు. ఆకర్షణీయంగానే ఉంది. కానీ కోర్టులో కేసు నడుస్తుండగా జడ్జికి చెప్పకుండా విమానం ఎక్కేస్తే, తర్వాతి తేదీన మనిషి లేడని ఆర్డర్ పడొచ్చు. యాప్ బటన్ నొక్కే ముందు కేసు మూయించుకోవాలి.

పాస్‌పోర్టు గడువు అయిపోయినా, పోయినా మన కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది, ఒక్కసారి ఇండియాకు రావడానికి పనికొస్తుంది. వచ్చేముందు యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు, బ్యాంకు ఖాతా సెటిల్‌మెంట్, ట్యాక్స్ రిటర్నుల కాపీలు తెచ్చుకోమనండి. ఇక్కడికి వచ్చాక తెప్పించాలంటే నరకం.

వాలంటరీ డిపార్చర్ మీద వచ్చినవాడైతే బోర్డింగ్ పాస్, శంషాబాద్ ఇమ్మిగ్రేషన్ స్టాంపు పడ్డ పేజీ స్కాన్ చేసి, గడువులోగా దేశం వదిలినట్టు రుజువుగా లాయరుకు వెంటనే పంపాలి. ఆర్డర్ మీద వచ్చినవాడైతే ఏ సెక్షన్ కింద పంపారో, ఎన్నేళ్లు రావొద్దో రాసి ఇచ్చిన కాగితం జాగ్రత్త చేయాలి. గడువుకు ముందే వెళ్లాలంటే ఐ-212 అనే అనుమతి అడగాలి, దానికి ఆ కాగితమే ఆధారం. ఏ దేశం వీసా ఫారంలోనైనా "ఇంతకు ముందు ఎక్కడి నుంచైనా పంపించేశారా?" అన్న ప్రశ్న ఉంటే అవును అని టిక్ పెట్టి, ఆ కాగితం జత చేయండి. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అమెరికాతో ఈ సమాచారం పంచుకుంటాయి.